వసంతంలో మంచు కొండలు: అపోహలు - వాస్తవాలు

నేను మంచు కొండల్లో గైడ్‌ని. ఎండ కాస్త చురుక్కుమనగానే “చలికాలం పోయింది, ఇక మంచు చరియల భయం లేదు” అనేవాళ్లు ఎక్కువవుతారు. నాకు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. వసంతంలో ఉదయం ఆరింటికి నిశ్చింతగా నడిచిన వాలే పదకొండింటికి ప్రాణం తీయొచ్చు.

అపోహ: పగలు ఎండ ఎంత కాస్తుందో చూసుకుంటే చాలు.

నేను ముందు రాత్రి గురించి అడుగుతాను. మంచు రేణువుల మధ్య ఉండే అతుకులే ఆ మంచును వాలు మీద నిలబెడతాయి. పగలు కరిగిన నీరు లోపలికి ఇంకితే ఆ అతుకులు వదులవుతాయి. రాత్రి మళ్లీ గడ్డకడితేనే బిగుస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకి కాస్త పైనే ఉన్నా ఉపరితలం గడ్డకట్టవచ్చు. మబ్బు పడితే ఆ వేడి తిరిగి కిందికే వస్తుంది, మంచు మెత్తగానే తెల్లారుతుంది. అలాంటి రాత్రులు వరుసగా రెండు మూడు వస్తే నేను నిటారు వాలుల జోలికి వెళ్లను. కరిగిన నీరు, మంచు లోపలున్న పాత బలహీనమైన పొర దాకా మొదటిసారి చేరినప్పుడు పెద్ద పెద్ద పలకలే, అంటే ఒకే ముక్కలా అతుక్కున్న మంచు పొరలే, జారిపోతాయి.

పైన గట్టిగా కనిపించినా నమ్మకండి. పలచని పెచ్చు కింద అంతా చిత్తడిగా ఉండొచ్చు. బూటు చీలమండ దాకా దిగబడుతోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ వాలు దిగి వచ్చేయండి.

అపోహ: ప్రమాదం మధ్యాహ్నం తర్వాతే.

ఉత్తరార్ధగోళంలో ఎండ ముందు తూర్పు వాలును తాకుతుంది, తర్వాత దక్షిణాన్ని, చివరికి పడమరను. తూర్పు వాలుకు మధ్యాహ్నం దాకా గడువు ఉండదు. వేడెక్కిన బండల చుట్టూ మంచు ఇంకా ముందే వదులవుతుంది. చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లి రావడం మొదలైతే ఆ వాలుకు టైమ్ అయిపోయినట్టే. చాలామంది ఎక్కే సమయం లెక్కేసుకుంటారు గానీ దిగే సమయం మర్చిపోతారు. మీరు నడిచేది చదునైన దారే కావచ్చు, తలెత్తి పైన ఎండలో ఉన్న వాలును కూడా చూడండి.

అపోహ: తడి మంచు నెమ్మదిగా వస్తుంది, తప్పుకోవచ్చు.

పొడి మంచుతో పోలిస్తే నెమ్మదే. కానీ చాలా బరువు. కాళ్లు పట్టేసుకుని బండల మీదికో, లోయలోకో ఈడ్చుకుపోతుంది. ఆగిపోయాక బిగుసుకుంటుంది, తవ్వడం చాలా కష్టం. కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ అంత త్వరగా రాదు, కాపాడాల్సింది పక్కనున్నవాళ్లే. వసంతంలో కూడా ప్రతి ఒక్కరి దగ్గరా బీకాన్ (కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: గట్టిగా అరిస్తే చరియ పడుతుంది.

పడదు. మనిషి బరువు, కొత్త మంచు, వాన, ఎండ, ఇవీ కారణాలు.

అపోహ: ఏప్రిల్‌కి చలికాలపు పలకలు మిగలవు.

2013 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలరాడోలో, లవ్‌ల్యాండ్ పాస్ దగ్గర ఒక పెద్ద పలక తెగి ఐదుగురు చనిపోయారు. అది ఉత్తరం వైపు వాలు. చలికాలం మొదట్లో నేలకు దగ్గరగా ఏర్పడిన బలహీనమైన పొర అప్పటిదాకా అలాగే ఉంది, దాని మీద ఏప్రిల్ తుపానుల మంచు పేరుకుంది. వసంతంలో కూడా కొత్త మంచు కురుస్తుంది, గాలి దాన్ని పోగేస్తుంది. తుపాను వెలిసిన మొదటి ఎండరోజు చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, జనం పరుగెత్తేది ఆ రోజే. నేను మాత్రం మరో రోజు ఆగమంటాను.

అపోహ: మంచులో పగులు వచ్చిందంటే ఒత్తిడి తీరిపోయినట్టే.

నున్నటి బండ మీదో, గడ్డి మీదో ఉన్న మంచంతా కిందికి పాకుతున్నప్పుడు ఆ పగుళ్లు వస్తాయి. అది కొన్ని గంటల్లో జారొచ్చు, వారాలు ఆగొచ్చు, అర్ధరాత్రి కూడా పడొచ్చు. దానికి వేళ చెప్పగల నిపుణులు లేరు. అలాంటి పగుళ్ల కింద భోజనానికి కూడా ఆగొద్దు. శిఖరం అంచున చూరులా ముందుకు పెరిగిన మంచు విషయంలోనూ అంతే, అది మనం అనుకున్నదానికన్నా చాలా వెనక నుంచి విరుగుతుంది.

అపోహ: హెచ్చరిక బులెటిన్ ఆగిపోయిందంటే సీజన్ అయిపోయినట్టు.

చాలా చోట్ల చలికాలం ముగియగానే రోజువారీ బులెటిన్లు ఆపేస్తారు. మంచు మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుడు ముందురోజు సాయంత్రమే రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, మబ్బు, గాలి, వాన సూచన చూసుకోండి. ఏ వాలు మీదికి ఏ గంటకు ఎండ వస్తుందో మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి. తిరిగి దిగాల్సిన టైమ్ రాసుకుని గ్రూప్‌లో అందరికీ చెప్పండి. తెల్లవారుజామున టెంట్ బయట అడుగు పెట్టినప్పుడు కాలు దిగబడితే, ఆ రోజుకి నిటారు వాలుల ప్లాన్ మానేయండి.