జమాత్ అంటే ఏ జమాత్? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా కోనసీమలోని ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతున్నాను. పశ్చిమాసియా రాజకీయాల పాఠం నాదే. మా వైపు ఏ ఊరికెళ్లినా కువైట్, దోహా, మస్కట్‌లలో మనిషి ఉన్న ఇల్లు కనబడుతుంది. అందుకే ఆ పాఠం క్లాసులో అయిపోదు. బస్టాండులో, పెళ్లి భోజనాల దగ్గర కూడా అడుగుతారు. ఆ ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒక్కటే: ముస్లింలూ, వాళ్ల సంస్థలూ అన్నీ ఒకటే అన్న అపోహ. దానివల్ల నష్టపోయినవాళ్లను చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

ఈమధ్య మా పాత విద్యార్థి ఒకతను రాజమండ్రిలో గది చూసుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చాడు. మాటల్లో మాటగా "మా నాన్నగారు జమాత్‌లో వెళ్లారండి, నలభై రోజుల్లో వచ్చేస్తారు" అన్నాడు. మర్నాడే ఇంటాయన అడ్వాన్సు చేతిలో పెట్టేశాడు. నేను ఫోన్ చేసి అడిగితే ఆయన, "జమాత్‌ని కాశ్మీర్లో బ్యాన్ చేశారు కదండీ మాస్టారూ, పిల్లలున్న ఇల్లు, మనకెందుకండీ టెన్షన్" అన్నాడు. చెడ్డమనిషి కాదు. నిజంగానే భయపడ్డాడు.

అపోహ ఇదీ: జమాత్ అంటే ఒక్కటే, అది రాజకీయ సంస్థ, మతం గట్టిగా పాటించేవాళ్లంతా దాంట్లోవాళ్లే.

జమాత్ అంటే సమూహం, అంతే. మసీదులో అందరూ వరసగా నిలబడి కలిసి చేసే నమాజుని కూడా జమాత్ అనే అంటారు. మన ఊళ్లో నీటి సంఘం ఉంటుంది, పొదుపు సంఘం ఉంటుంది, గీత కార్మికుల సంఘం ఉంటుంది. సంఘం అన్న మాట ఉంది కదా అని మూడూ ఒకటే అంటామా?

ఆ కుర్రాడి తండ్రి వెళ్లింది తబ్లీగీ జమాత్‌లో. 1920లలో ఢిల్లీ దగ్గరి మేవాత్‌లో మౌలానా మహమ్మద్ ఇలియాస్ మొదలుపెట్టింది అది. నమాజు సరిగా చేయండి, కలిమా (విశ్వాస వాక్యం) సరిగా చదవండి అని తోటి ముస్లింలకే చెబుతారు. నెలకు మూడు రోజులు, ఏడాదికి నలభై రోజులు, సొంత ఖర్చుతో, పక్కచుట్ట చంకన పెట్టుకుని వెళ్లి మసీదుల్లో ఉంటారు. రాజకీయం మాట్లాడకూడదన్నది వాళ్ల నియమం. ఇది సౌదీ సొమ్ముతో నడుస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ సౌదీయే 2021 డిసెంబరులో శుక్రవారం ప్రసంగాల్లో తబ్లీగీలకు వ్యతిరేకంగా హెచ్చరించమని ఇమాములకు చెప్పింది.

జమాతే ఇస్లామీ వేరు. 1941లో లాహోర్‌లో మౌదూదీ అనే మత రచయిత స్థాపించాడు. ఆయన పుట్టింది ఔరంగాబాద్‌లో, కొన్నేళ్లు పత్రిక నడిపింది మన హైదరాబాద్‌లో. రాజ్యం కూడా దైవశాసనంతోనే నడవాలన్నది ఆయన సిద్ధాంతం. దేశ విభజన తర్వాత ఈ సంస్థ కూడా ఏ దేశానికా దేశంగా విడిపోయింది. జమ్మూ కాశ్మీర్‌లోది అప్పటికీ వేరుగానే ఉండిపోయింది. 2019 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది ఆ ఒక్కదాన్నే. ఇంటాయన విన్న వార్త నిజమే, దాన్ని సంబంధం లేని మనిషికి తగిలించడమే తప్పు.

విద్యార్థులకు ఇక్కడే గట్టిగా చెబుతాను. షహాదా (విశ్వాస ప్రకటన), నమాజు, జకాత్ (విధిగా ఇచ్చే దానం), రోజా (ఉపవాసం), హజ్ (మక్కా యాత్ర): ఇవి ఇస్లాం. వీటిలో దేనికీ పార్టీ సభ్యత్వం అక్కర్లేదు. "రాజ్యాన్ని మేం చేతిలోకి తీసుకుని షరియా, అంటే ఇస్లాం ధర్మశాసనం, అమలు చేయాలి" అనేది ఇస్లామిజం. సంస్థలుగా, పార్టీలుగా అది ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన రాజకీయం. 1924 మార్చి 3న టర్కీ ఖిలాఫత్‌ని, అంటే ముస్లింల పెద్దగా ఉండే ఖలీఫా పదవిని, రద్దు చేసింది. నాలుగేళ్లకు, 1928లో, ఈజిప్టులోని ఇస్మాయిలియాలో హసన్ అల్ బన్నా అనే బడిపంతులు ముస్లిం బ్రదర్‌హుడ్ పెట్టాడు. సూయజ్ కాలువ కంపెనీ ఉన్న ఊరది, పెత్తనమంతా పరాయివాళ్లది. అక్కడ పుట్టిన కోపాన్ని పద్నాలుగు వందల ఏళ్ల మతానికి మొత్తంగా అంటగడితే చరిత్ర అర్థం కాదు. మతపెద్దలంతా ఆ దారిన వెళ్లినవాళ్లు కూడా కారు. ఉత్తరప్రదేశ్‌లోని దేవబంద్ మదరసాకి చెందిన మతపండితుడు హుసేన్ అహ్మద్ మదనీ, జాతి అనేది మతంతో కాదు, దేశంతో ఏర్పడుతుందని వాదించి పాకిస్తాన్‌ని వ్యతిరేకించాడు.

ముస్లిం దేశాల్లో వాటిలో వాటికే పడదన్న సంగతి మా వైపు వాళ్లకు 2017లో తెలిసింది. జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఖతార్‌కి ఉన్న ఒక్క భూసరిహద్దూ మూతపడింది. ఆ రాత్రి మా వీధిలో ఉండే పెద్దావిడ పరుగున వచ్చారు. కొడుకు దోహాలో డ్రైవరు. "అందరూ సాయిబులే గదండీ మాస్టారూ, వాళ్లలో వాళ్లకి యుద్ధమేంటండీ? మా వాడిని రమ్మనేయమంటారా?" అని ఏడుపు. కూర్చోబెట్టి చెప్పాను. "అమ్మా, ఖతార్ ఆ బ్రదర్‌హుడ్‌ని చేరదీస్తోందనీ, ఇరాన్‌తో దగ్గరగా ఉంటోందనీ మిగతావాళ్ల కోపం. మతం గొడవ కాదు, పెత్తనం గొడవ." తర్వాత టర్కీ నుంచి విమానాల్లో పాలు వస్తున్నాయని కొడుకు ఫోన్ చేశాకే ఆవిడ కుదుటపడ్డారు. ఆ వెలి 2021 జనవరి దాకా సాగింది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇది పుస్తకం సంగతి కాదు. మా దూరపు బంధువు ఒకతను అబుదాబీలో ఉండగా పసుపు రంగు మీద నాలుగు వేళ్లు ఉన్న బొమ్మని వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాడు. ఇస్లాం గుర్తు అనుకున్నాడు, సేఠ్ సంతోషిస్తాడనుకున్నాడు. అది 2013లో కైరోలో బ్రదర్‌హుడ్ మద్దతుదారులను చంపిన రబా కూడలి గుర్తు. 2014లో సౌదీ, యూఏఈ రెండూ బ్రదర్‌హుడ్‌ని ఉగ్రవాద జాబితాలో పెట్టాయి. గదిలో ఉండే మలయాళీ చూసి అప్పటికప్పుడు తీయించాడు కాబట్టి సరిపోయింది. తెలియని బొమ్మ, తెలియని నినాదం అక్కడ ఫోన్‌లో ఉంచుకోకండి. "ముస్లిం దేశమే కదా" అని అస్సలు అనుకోకండి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఫత్వా అంటే శిక్ష కాదు, అడిగినవాడికి ముఫ్తీ, అంటే ధర్మశాస్త్ర పండితుడు, చెప్పే అభిప్రాయం. దానికి చట్టబలం లేదని మన సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అల్లా అంటే అరబ్బీలో దేవుడు. అరబ్ క్రైస్తవుల బైబిల్లోనూ ఆ మాటే ఉంటుంది. జిహాద్ అంటే గట్టి ప్రయత్నం. యుద్ధం అనే అర్థం కూడా ఉంది, లేదనడం సరికాదు. కానీ యుద్ధాన్ని ఎవరు ప్రకటించాలి, ఎవరి జోలికి పోకూడదు అన్న షరతులు ధర్మశాస్త్రంలోనే ఉన్నాయి. 2014లో ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థ నాయకుడు బగ్దాదీ తానే ఖలీఫానని ప్రకటించుకుంటే, ఆ ఏడాదే నూట ఇరవై మందికి పైగా ముస్లిం పండితులు అతను చేసేవన్నీ తప్పని బహిరంగ లేఖ రాశారు. ఇక ఇరాన్‌లో 1979 తర్వాత వచ్చిన మతపండితుడి పాలన ఒక షియా సిద్ధాంతం. మన జిల్లాల్లో ఎక్కువమంది సున్నీలు, వాళ్లకు దాంతో పనే లేదు.

గది పోయిన కుర్రాడి తండ్రి నలభై రోజులూ పూర్తిచేసుకుని వచ్చాక మా ఇంటికి వచ్చాడు. టైలరింగ్ చేస్తాడు. కుర్చీ అంచున కూర్చుని, "నా పేరు ఎక్కడైనా ఎక్కుంటుందాండీ మాస్టారూ? పిల్లాడి ఉద్యోగానికేమన్నా అడ్డమా?" అన్నాడు. 2020లో కరోనా అప్పుడు, జబ్బు ఈ జమాత్ వల్లే వ్యాపించిందని చెప్పి ఆయన దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేసిన ఇళ్లున్నాయి. ఆ ఏడాది ఢిల్లీలోని తబ్లీగీ కేంద్రమైన మర్కజ్ కేసులో విచారణకు నిలబడ్డ 36 మంది విదేశీయులను డిసెంబరులో కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. తబ్లీగీ మీద మన దేశంలో నిషేధం లేదు, భయపడకండి అన్నాను.

"ఇదంతా ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి, ఆ ఇంటాయనకి చూపిస్తాను" అన్నాడు. రెండు పేజీలు రాసిచ్చాను. మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నాడు. తీసుకెళ్లేసరికి ఆ గది వేరేవాళ్లకు ఇచ్చేశారట. ఇంటాయన మాత్రం కాగితం మొత్తం చదివి, జెరాక్స్ తీయించుకుంటానని అడిగి తీసుకున్నాడట. కుర్రాడు ధవళేశ్వరంలో స్నేహితుడి గదిలో సర్దుకుని రోజూ బస్సులో వెళ్లివస్తున్నాడు. అతనికింకా గది దొరకలేదు.