డబ్బా కూరగాయలు, ఉడికించిన పప్పుధాన్యాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: డబ్బాలోకి వెళ్లిన కూరగాయలో పోషకాలేమీ మిగలవు.

వాస్తవం: పోయేవి కొన్నే. కూరగాయ ముక్కల్ని కాసేపు వేడినీళ్లలో ముంచి తీసి, డబ్బాలో నింపి, గాలి చొరబడకుండా మూత బిగించి, సాధారణంగా 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. అంత వేడి ఎందుకంటే, పులుపు లేని పదార్థాల్లో (పులుపు కొలిచే పీహెచ్ అంకె 4.6 దాటినవాటిలో) విషం పుట్టించే క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే దాని గట్టి బీజాలు, మామూలు మరుగుకి చావవు. ఈ వేడికి గట్టిగా దెబ్బతినేవి విటమిన్ సి, బి1. పొటాషియం, ఫోలేట్ (ఒక బి విటమిన్) కొంత డబ్బాలోని నీళ్లలోకి దిగుతాయి. బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది), పీచు చాలావరకు నిలుస్తాయి. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ అయితే ఉడికి, కాస్త నూనె తోడైతేనే ఒంటికి బాగా పడుతుంది.

ఇంకో మాట. డబ్బాని పోల్చాల్సింది అప్పుడే కోసిన కూరగాయతో కాదు, వారం రోజులుగా ఫ్రిజ్‌లో వాడిపోతున్నదానితో. ఆకుకూరల్లో విటమిన్ సి రోజురోజుకీ తరిగిపోతుంది. మూత బిగిసిన డబ్బాలో ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి ఆ తరుగుదల నెమ్మదిస్తుంది.

అపోహ: కూరగాయల డబ్బా ఒకటి తింటే పప్పుధాన్యాలు తిన్నట్టే.

వాస్తవం: ఈ రెండూ చేసే పనులే వేరు. 100 గ్రాముల ఉడికించిన శనగల్లో సుమారు 164 కేలరీలు, 9 గ్రాముల ప్రొటీన్, ఏడున్నర గ్రాముల పీచు, 170 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటాయి. నీళ్లు వంపేసిన డబ్బా బీన్స్ కాయల్లో అదే బరువుకి కేలరీలు 20 చిల్లర, ప్రొటీన్ గ్రాము అటూ ఇటూ. అలాగని శనగలదే గెలుపనుకోవద్దు. డబ్బా క్యారెట్‌లో పుష్కలంగా దొరికే విటమిన్ ఎ శనగల్లో లేనట్టే, విటమిన్ సి కూడా నామమాత్రమే. పచ్చిబఠాణీ మాత్రం మధ్యలో నిలబడుతుంది: కూరగాయ లెక్కలో అమ్ముతారు కానీ అదీ పప్పుజాతిదే, డబ్బాలోదైనా 100 గ్రాములకు 4 గ్రాముల పైన ప్రొటీన్ ఇస్తుంది. పప్పుధాన్యాల్లోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పక్కన విటమిన్ సి ఉన్నది ఏదైనా తింటే మెరుగ్గా పడుతుంది. అందుకే ఏది మేలని అడిగేవాళ్లకి మా జవాబు: రెండూ ఒకే పళ్లెంలో.

అపోహ: 100 గ్రాముల శనగలు తింటే 20 గ్రాముల ప్రొటీన్.

వాస్తవం: ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆ 20 గ్రాములు ఎండు గింజలవి. నాని, ఉడికాక వాటి బరువు రెండింతలు దాటుతుంది. ప్రొటీన్ పెరగలేదు, నీళ్లు చేరాయంతే. ఎండు గింజల అంకెని డబ్బా అంకె పక్కన పెడితే లెక్క తప్పుతుంది. డబ్బా మీద కూడా రెండు బరువులు చూడాలి. 400 గ్రాములని రాసి ఉన్నా, నీళ్లు వంపేశాక మిగిలేవి సుమారు 240 గ్రాములే.

అపోహ: డబ్బా శనగలు, రాజ్మా ఇంట్లో ఉడికించినవాటికి తీసికట్టు.

వాస్తవం: ప్రొటీన్, పీచు దాదాపు సమానం. తేడా ఉప్పులోనే. ఉప్పు లేకుండా ఉడికించిన శనగల్లో సోడియం 100 గ్రాములకు 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఉప్పునీళ్ల డబ్బాలో అది వందల్లో ఉంటుంది. పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకి 2000 మిల్లీగ్రాముల లోపు. గింజల్ని జల్లెడలో పోసి రెండు నిమిషాలు ఓడ్చి, కుళాయి కింద కదుపుతూ కడిగి, మళ్లీ ఓడిస్తే సోడియం దాదాపు 40 శాతం దాకా పోతుంది. ఉప్పు కలపని డబ్బా దొరికితే ఆ నీళ్లు పారబోయకుండా సూప్‌లో వాడండి, అందులోకి దిగిన విటమిన్లూ దక్కుతాయి.

అపోహ: సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికిస్తే రాజ్మా పోషకాలు పోవు.

వాస్తవం: పోషకాల సంగతి తర్వాత, ముందు కడుపు నిలవాలి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (విషగుణం ఉన్న ఒక ప్రొటీన్) ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. 80 డిగ్రీలు చేరని స్లో కుక్కర్‌లో ఈ విషగుణం తగ్గకపోగా పెరగవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ కనీసం 10 నిమిషాలు మరిగించాలి. అరగంట మరిగిస్తే ఇంకా నిశ్చింత. ఇది విషం విరగడానికి పట్టే సమయం, మెత్తబడడానికి ఇంకా పడుతుంది. ఎంతకీ ఉడకకపోతే అనుమానించాల్సింది పాతబడ్డ గింజల్ని, కఠినజలాన్ని, తొందరపడి వేసిన పులుపుని. వంటసోడా వేస్తే త్వరగా మెత్తబడతాయి కానీ బి1 బాగా పోతుంది. డబ్బా రాజ్మా ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఉడికి వస్తుంది కాబట్టి దానికి ఈ భయం లేదు.

అపోహ: డబ్బా అంటేనే నిల్వ మందులు.

వాస్తవం: నిల్వ ఉంచేది ఆ వేడి, ఆ మూత. కొన్నింట్లో గింజ చిట్లకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, వివరం లేబుల్ మీదే ఉంటుంది. మూత తీశాక మిగిలినదాన్ని గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. ఉబ్బినా, కారుతున్నా, అతుకు దగ్గర సొట్ట పడినా ఆ డబ్బాని తెరవకుండానే పారేయండి. రుచి చూసి తేల్చుకుందామనుకోవద్దు, బొట్యులినమ్ విషం వాసనకీ రుచికీ దొరకదు.