పెళ్ళికూతురి ముస్తాబు: అపోహలు - వాస్తవాలు

ముహూర్తం తెల్లవారుజామున. పెళ్ళికూతురి గదిలో మధుపర్కాల చీర విప్పి అంచు సరిచూసుకుంటున్నాను. తల్లి గాభరాగా లోపలికొచ్చింది. "ఈ తెల్లచీర వద్దులెండి అక్కా. ఫొటోల్లో వెలవెలబోతుందంట. పైగా తెలుపు శుభం కాదంటున్నారు మగపెళ్ళివారి తరఫు ఒకావిడ" అంది. మంచం మీద కూర్చున్న అమ్మమ్మగారు తలెత్తి, "నా పెళ్ళికి నేను కట్టుకున్నదీ అదే, నీ పెళ్ళికి నీకు కట్టించిందీ అదే. ఇప్పుడు శుభం కాకుండా ఎలా పోయిందే?" అన్నారు. చిన్న పసుపు గిన్నె అడిగి తెప్పించుకుని, చీర నాలుగు మూలలా తన చేత్తోనే రాశారు. ఆ అమ్మాయి అదే చీరతో పీటల మీద కూర్చుంది.

గోదావరి జిల్లాల్లో ఇరవై రెండేళ్ళుగా పెళ్ళికూతుళ్ళకు చీరలు కట్టి ముస్తాబు చేస్తున్నాను. సంప్రదాయం పేరు చెప్పి ఆడపిల్ల ఒంటి మీద మోపే బరువులో సగానికి పైగా సంప్రదాయం అడిగింది కాదని ఈ పనిలోనే తెలుసుకున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: పెళ్ళిలో తెలుపు పనికిరాదు, ఎరుపే శుభం

మధుపర్కం అన్నది మొదట బట్ట పేరు కాదు. ఇంటికి వచ్చిన వరుణ్ణి గౌరవించి ఇచ్చే తేనె, పెరుగు, నెయ్యి కలిపిన పదార్థం పేరు. దానితోపాటు పెట్టే కొత్తబట్టలకు కూడా క్రమంగా అదే పేరు స్థిరపడింది. తెల్లటి నూలు, ఎర్రటి సన్నంచు. ఆడపిల్లకు చీర, మగపిల్లాడికి పంచె, కండువా.

ఆ తెలుపుకు కారణం ఉంది. ఇంటి శుభకార్యాల విధులు చెప్పే పాత గ్రంథాలు, గృహ్యసూత్రాలు, శుభకార్యాలకు "అహత" వస్త్రం కావాలంటాయి. అంటే రేవు బండ మీద దెబ్బ తినని బట్ట. ఒక్కసారి కూడా ఉతకనిది, మగ్గం మీంచి దిగినది దిగినట్టే ఉన్నది. మనం ఇప్పటికీ కొత్తబట్ట మూలలకు పసుపు పెట్టి కట్టుకుంటాం కదా, ఆ అమ్మమ్మగారు చేసింది అదే. రంగుకంటే కొత్తదనానికే అక్కడ విలువ.

మధుపర్కాలు ఎప్పుడు కట్టుకోవాలన్నది మాత్రం ఇంటింటికీ మారుతుంది. కొందరు వాటితోనే పీటల మీద కూర్చుంటారు, కొందరు జీలకర్ర బెల్లం అయ్యాక మార్చుకుని తాళికి సిద్ధమవుతారు. మీ ఇంటి పెద్దవాళ్ళను, పురోహితుణ్ణి ముందే అడిగి నాలాంటివాళ్ళకు చెప్పండి. చీర మార్చడానికి ఇరవై నిమిషాలైనా కావాలి. ఐదు నిమిషాల్లో కానిమ్మంటే కుచ్చిళ్ళు నిలవవు.

ఇక ఎరుపు సంగతి. బెంగాల్లో ఎర్ర బెనారసీ ఉంది, నేపాల్లోనూ ఎరుపే. కేరళ హిందూ పెళ్ళిళ్ళలో మీగడ రంగు మీద బంగారు జరీ అంచున్న కసవు చీర కడతారు. శ్రీలంకలో క్యాండీ ప్రాంతపు వధువు ఒసరియ అనే తమ తీరు తెల్లచీర కట్టుకుంటుంది. మన హైదరాబాదు ముస్లిం పెళ్ళికూతురిది ఖడా దుపట్టా: కుర్తా, చుడీదార్ మీద గజాల కొద్దీ పొడవున్న ఓణీని మడతలు పెట్టి నిలబెడతారు, మెడకు అతుక్కునేలా చింతాక్ అనే నగ పెడతారు. అది చక్కగా కట్టగలిగిన చేతులంటే నాకు చాలా గౌరవం. దక్షిణాసియా పెళ్ళికూతురనగానే ఎర్ర లెహంగా ఒక్కటే కళ్ళముందు మెదలడం ఈమధ్య వచ్చిన అలవాటు.

అపోహ: చీర ఎంత బరువుంటే అంత అసలైనది

ఈ మాట నమ్మి నష్టపోయినవాళ్ళను ఎక్కువగా చూశాను, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

అసలు జరీ అంటే వెండిని వెంట్రుకంత సన్నటి తీగగా లాగి, దాన్ని చదును చేసి, పట్టుదారం మీద చుట్టి, పైన బంగారు పూత వేసింది. సూరత్ దీనికి పెద్ద కేంద్రం. అంగట్లో టెస్టెడ్ జరీ అని ఇంకొకటి దొరుకుతుంది. ఆ పేరు విని పరీక్ష చేసి ఇచ్చిన అసలు సరుకని చాలామంది అనుకుంటారు. దాని లోపలిది రాగి తీగ, పైది పూత. మూడోది లోహపు మెరుపున్న ప్లాస్టిక్ పొర. రాగి జరీ చీరలు కట్టుకోకూడదని నేను అనను, ఎంతో అందంగా నేసినవి ఉన్నాయి. రాగి ధర ఇచ్చి రాగి కొనుక్కుంటే తప్పేముంది? వెండి ధర ఇచ్చి రాగి తెచ్చుకోవడమే బాధ.

జరీ పోగు గీకితే లోపల ఎర్రదారం కనిపించాలని ఒక చిట్కా తిరుగుతోంది. అసలు జరీలో ఎర్ర పట్టుదారం వాడతారన్నది నిజమే. కానీ ఏ దారానికైనా ఎర్రరంగు అద్దవచ్చు, కాబట్టి అదొక్కటే రుజువు కాదు. ఖరీదైన చీరైతే, బంగారం పరీక్షించే ఎక్స్‌ఆర్ఎఫ్ యంత్రం మీద జరీ చూపించమని అడగండి. ఏ లోహం ఎంత ఉందో అది చెబుతుంది.

పట్టు పరీక్ష ఇంకా తేలిక. కొంగు చివరి పోగులు రెండు తీసి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

సిల్క్ మార్క్ గురించి కూడా ఒక పొరపాటు సరిచేయాలి. కేంద్ర సిల్క్ బోర్డు చొరవతో 2004లో వచ్చిన ఆ గుర్తు, బట్ట స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. చేనేతా మరమగ్గమా అన్నది, జరీ వెండిదా రాగిదా అన్నది దాని పరిధిలో లేదు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది, అది 2006లో వచ్చింది. చీర చేతిలోకి తీసుకున్నప్పుడు రెండు గుర్తులూ విడివిడిగా వెతకండి.

బరువు దగ్గరికే మళ్ళీ వస్తే, ఉప్పాడ జాందానీ పట్టుకుని చూడండి. గుప్పిట్లోకి ఒదిగిపోతుంది. దాని మీది ఒక్కొక్క బుటా మగ్గం మీదే చేత్తో విడివిడిగా దారం ఎక్కించి నేసింది. వెల నేతగాడి రోజుల్లో ఉంది, తూకంలో లేదు. గద్వాల్ చీరయితే ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే కలిపి నేసే పనితనం చూడాలంటే అంచును వెనక్కి తిప్పండి. కంచిపట్టులో ఒంటికీ అంచుకీ వేరు రంగులుంటే అక్కడా అదే శ్రమ, వాళ్ళు కోర్వై అంటారు. ఎండాకాలం ముహూర్తానికి గద్వాల్ కట్టుకున్న పెళ్ళికూతురు చివరిదాకా హాయిగా కూర్చోవడం ఎన్నోసార్లు చూశాను.

ఇంకొక చిన్న మాట. పెళ్ళయ్యాక చీరను ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే జరీ మడత దగ్గర తెగుతుంది. జరీ మీద సెంటు కొట్టవద్దు, నల్లబడుతుంది.

అపోహ: గోరింటాకు ఎర్రగా పండితే మొగుడికి ప్రేమ ఎక్కువ

అత్తయ్యలు, వదినలు ఆటపట్టించే మాట ఇది. ఆటగా ఉన్నంతవరకూ నాకూ ఇష్టమే. కానీ చేయి పండలేదని రాత్రంతా దిగులుపడి, తెల్లారి ఏడ్చి వాచిన కళ్ళతో నా ముందు కూర్చున్న పిల్లలున్నారు. గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది, అది చర్మం పైపొరలోని కెరటిన్‌ను పట్టుకుంటుంది. అరచేతుల్లో, అరికాళ్ళలో ఆ పొర మందం కాబట్టి అక్కడ బాగా పండుతుంది, మోచేతి వైపు వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. కడిగిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అందుకే పెళ్ళికి రెండు రోజుల ముందు పెట్టుకోండి. ముందురోజు రాత్రి పెట్టుకుని పండలేదని బాధపడవద్దు.

నేను నిజంగా భయపడేది గంటలో నల్లగా పండే కోన్లకు. ఆకు ఎప్పుడూ నల్లరంగు ఇవ్వదు. అంత నలుపు తెప్పించడానికి జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. దానివల్ల చర్మం బొబ్బలెక్కవచ్చు, ఒకసారి పడకపోతే తర్వాత జుట్టుకు రంగు వేసుకున్నా ముప్పే. కోన్ మీద ఏమేం కలిపారో రాసి లేకపోతే కొనకండి.

కాళ్ళకు పెట్టే పారాణి దీనికి భిన్నమైనది. పసుపులో సున్నం కలిపితే మన కళ్ళముందే ఎర్రబడుతుంది, ఆ ఎరుపే పారాణి. ఇప్పుడు సీసాల్లో దొరికే రంగుకంటే ఇంట్లో కలుపుకున్నదే నయం. సున్నం మాత్రం చిటికెడు మించకూడదు, ఎక్కువైతే పాదం మండుతుంది.

అపోహ: నలుగు పెడితే ఛాయ తేలుతుంది, పెళ్ళికూతురు తెల్లగా ఉండాలి

ఈ మాట రాయడానికే ఈ పోస్టు మొదలుపెట్టానేమో.

నలుగు వేడుకలో నువ్వులనూనె పట్టిస్తారు, పెసరపిండి, శనగపిండి, పసుపు కలిపి రుద్దుతారు. నూనె, మట్టి, చచ్చిన చర్మం పోయి ఒళ్ళు నున్నగా అవుతుంది. పసుపు వల్ల ఒకటి రెండు రోజులు పసుపుపచ్చని మెరుపు ఉంటుంది. అంతే. పుట్టినప్పటి రంగును అది మార్చదు, మార్చాలని ఆ వేడుక పెట్టుకోలేదు కూడా. పదిమంది ముత్తైదువలు ఆ పిల్లను చేత్తో తాకి దీవించడం దాని ఉద్దేశం.

కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మాయి పెళ్ళికి నెల ముందు నా దగ్గరికి వచ్చింది. చెంపలు ఎర్రగా కంది ఉన్నాయి, సన్నటి నరాలు బయటికి కనిపిస్తున్నాయి, పెదవుల చుట్టూ మొటిమలు. తెల్లబడాలని ఎవరో చెప్పిన ట్యూబు ఏడాదిగా రాస్తోందట. చర్మవైద్యురాలి దగ్గరికి పంపితే స్టెరాయిడ్ క్రీమ్ అని తేలింది. ఆపగానే ముందు ఇంకా మండింది, తగ్గడానికి నెలలు పట్టింది. పెళ్ళిరోజున మొహం మీద పౌడరు తప్ప ఏమీ వేయలేకపోయాను. ఆ పిల్ల సహజ ఛాయ చక్కటి చామనఛాయ. దానికి ఏ వంకా లేదు.

ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేసే మందుల షాపులున్నాయి. అమ్మలూ, దయచేసి పెళ్ళిచూపుల కోసం, పెళ్ళి కోసం పిల్లల మొహం మీద ప్రయోగాలు చేయకండి. పెళ్ళికి మూడు నెలల ముందు నుంచి కొత్తగా ఏ క్రీమూ మొదలుపెట్టవద్దు. నేను ఫౌండేషన్ కూడా మెడ రంగుకు సరిపోయేదే వేస్తాను. రెండు షేడ్లు తెల్లగా వేయమని అడిగితే కుదరదనే చెబుతాను. చామనఛాయ మీద పసుపు, ఆకుపచ్చ, దానిమ్మ రంగు పట్టు ఎంత నిండుగా ఉంటుందో అద్దంలో చూపించాక మళ్ళీ తెలుపు అడిగినవాళ్ళు తక్కువ.

అపోహ: ఇప్పటి చీరకట్టే వేల ఏళ్ళ నాటిది

ముందు కుచ్చిళ్ళు పెట్టి, ఎడమ భుజం మీద పైట వేసే ఈ కట్టును దేశమంతా నీవి కట్టు అంటారు, ఆంధ్ర కట్టుగా గుర్తిస్తారు. నీవి అంటే పోకముడి. కానీ లోపలి లంగా (లోలంగా), కుట్టిన జాకెట్టులతో కలిపి కట్టడం మనం అనుకునేంత పాతది కాదు. తొలి భారతీయ ఐసీఎస్ అధికారి సత్యేంద్రనాథ్ ఠాగూర్ భార్య జ్ఞానదానందినీ దేవి 1860లలో బొంబాయిలో ఉన్నప్పుడు పార్సీ స్త్రీల కట్టు చూసి, జాకెట్టు, లోలంగాలతో కట్టే తీరును బెంగాల్‌లో ప్రచారంలోకి తెచ్చారు. మన ఇళ్ళలో ముత్తవ్వలు పొడుగు చీరను గోచీ పోసి కట్టేవారు, లోలంగా అవసరమే ఉండేది కాదు. కొన్ని బ్రాహ్మణ కుటుంబాలు పెళ్ళి తంతుకు ఇప్పటికీ అలాగే కట్టిస్తాయి. ఆ కట్టుకు మామూలు ఐదున్నర మీటర్ల చీర చాలదు, కొనేటప్పుడే చూసుకోవాలి.

పెళ్ళికొడుకు షేర్వాణీ వేసుకోవచ్చా అనీ అడుగుతారు. రిసెప్షన్‌కు హాయిగా వేసుకోండి, హైదరాబాదుకు అది పరాయిది కాదు. పీటల మీద మాత్రం పంచె కట్టండి.

అపోహ: తాళి కట్టే క్షణమే ముహూర్తం

తెలుగు పెళ్ళిలో సుముహూర్తం జీలకర్ర బెల్లం తల మీద పెట్టే క్షణం. తాళి, తెలంగాణ మాటలో పుస్తె, ఆ తర్వాత. ఇది తెలియక ఫొటోగ్రాఫర్లు, కొన్నిసార్లు ముస్తాబు చేసేవాళ్ళు కూడా గడియ దాటిస్తారు.

ఇందులో ముస్తాబుకు సంబంధించిన విషయం ఉంది. ఇద్దరి మధ్యా అడ్డుతెర పడతారు. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించి, ఒకరినొకరు చూసుకోమంటారు పురోహితులు. అప్పుడు చదివే మంత్రం ఋగ్వేదం పదో మండలంలో సూర్యుడి కూతురు సూర్య వివాహ సూక్తంలోది, "అఘోరచక్షుః" అని మొదలవుతుంది. అంటే చల్లని చూపు గలదానివి కమ్మని. నిశ్చితార్థానికి ముందు నుంచే ఫోన్లో రోజూ మాట్లాడుకున్న జంటలు కూడా ఆ చూపు దగ్గర తడబడతారు. ఒకరి మీద ఒకరికి ఇష్టం ఉండటం పెళ్ళికి సరిపడని విషయమన్నట్టు మాట్లాడే పెద్దలకు ఈ ఘట్టం గుర్తుచేస్తుంటాను. చూసుకోవడానికే ఇక్కడ ఒక క్రతువు ఉంది.

ఆ క్షణంలో పెళ్ళికూతురు తలెత్తగలగాలి. బారెడు పూలజడ, పాపిడిబిళ్ళ, సూర్యుడూ చంద్రుడూ, వాటి మీద బాసికం, వెనక్కి లాగే కిలోల పూలు: ఇవన్నీ కలిసి మెడను కిందికి గుంజేస్తాయి. అందుకని జడకు మల్లెలూ కనకాంబరాలూ పలచగా చుడతాను, లోపల తడిగుడ్డ పెట్టను. బాసికం దారాన్ని రెప్పలకు తగలకుండా కాస్త పైకి కట్టి, పిన్నులు చెవి వెనక నుంచి వేస్తాను. గది దాటే ముందు ఒకసారి, "తలెత్తి నా కళ్ళలోకి చూడమ్మా" అంటాను. ఇబ్బంది లేకుండా చూడగలిగితే పంపిస్తాను. మెడ బిగుసుకుంటే, తల్లి వద్దన్నా సరే, ఒక నగ తీసి ఆవిడ చేతిలో పెడతాను.