మిరప టిక్కీ ఢిల్లీ వెళితే బరువెక్కుతుందా?

"మాస్టారూ, గ్రహణం రోజు పళ్లెంలో రోకలి నిలబడుతుంది కదా, ఆరోజు గురుత్వాకర్షణ మారుతుందా?" అని మొన్న ఒక కుర్రాడు అడిగాడు. రోకలి సంగతి తర్వాత చూద్దాం. ముందు మిర్చి యార్డుకు రండి.

గుంటూరులో ఎలక్ట్రానిక్ కాటా మీద సరిగ్గా 45 కిలోలు తూగిన టిక్కీ, అంటే ఎండు మిరపకాయల బస్తా ఉంది. ఆ కాటాకు మీట కూడా సవరించకుండా, టిక్కీతో పాటు ఢిల్లీ తీసుకెళ్లి మళ్లీ తూచితే సుమారు 30 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. అంటే గుప్పెడు కాయలు! ధ్రువం దగ్గరయితే ఏకంగా 220 గ్రాములు. కాయ ఒక్కటీ పెరగలేదు. కాటా కొలిచేది సరుకును కాదు, భూమి దాన్ని లాగే బలాన్ని. బడిలో 9.8 అని బట్టీ పట్టించే గురుత్వ త్వరణం (g) విలువ గుంటూరులో 9.784, ఢిల్లీలో 9.791, ధ్రువాల వద్ద 9.832. భూభ్రమణం వల్ల భూమధ్యరేఖ వద్ద లాగుడు కొంత తగ్గుతుంది. తేడాలో మూడింట రెండు వంతులు దానివే. అక్కడ భూమి నడుము 21 కిలోమీటర్లు ఉబ్బి ఉండటం మిగతా కారణం.

పాత త్రాసును మాత్రం ఈ తేడా మోసగించలేదు. భూమి టిక్కీని ఎంత లాగితే పడికట్టు రాళ్లనూ అంతే లాగుతుంది కాబట్టి ముల్లు కదలదు. రాళ్లు లేని కాటా వంటిదే లోలకం గడియారం కూడా; లాగుడు తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్ పట్టణానికి తీసుకెళ్లిన గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని కురచ చేస్తే గానీ దారికి రాలేదు.

కొండవీడు ఎక్కితే? ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ టిక్కీ 1.4 గ్రాములు తేలికవుతుంది. అయితే కాళ్ల కింద కొండరాయి కూడా లాగుతుంది కదా, అది అర గ్రాము దాకా తిరిగి ఇచ్చేస్తుంది.

ఇక రోకలి. సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలిచి, నడినెత్తిన ఉండి లాగినా మన టిక్కీ తేలికయ్యేది ఏడెనిమిది మిల్లీగ్రాములు. ఒక్క మిరప గింజంత! అదీ ప్రతి అమావాస్యకూ దాదాపు ఇంతే. రోకలి అడుగు చదునుగా ఉంటే మామూలు మంగళవారం నాడు కూడా నిలబడుతుంది. ఆ కుర్రాణ్ని ఇంటికెళ్లి నిలబెట్టి చూడమన్నాను.