ఆ టెంకని ఫ్రిజ్‌లోంచి తీయండి

బుజ్జీ, చిన్నీ,

నేను పంపిన బంగినపల్లి పళ్లు తిని ఒక టెంక దాచారట, మొక్క మొలిపిస్తారట. అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాడవకుండా ఫ్రిజ్‌లో పెట్టారని కూడా చెప్పింది. ముందు బయటికి తీయండి!

పెసలు డబ్బాలో నెలల తరబడి ఉన్నా, నానబోస్తే మొలకెత్తుతాయి. టెంక లోపలుండే మామిడి జీడి అలా కాదు. బాగా ఎండినా చస్తుంది, చలికీ చస్తుంది. మామిడిపండ్లు రాలేది ఎండాకాలం చివర్లో. వెనకే తొలకరి వస్తుంది, పడ్డచోటే తడి దొరుకుతుంది. ఇక ఎండిపోయి వానకోసం కాచుకుని కూర్చోవడం దానికెందుకు? పనస గింజా అంతే, నాన్న జ్యూస్ తాగే బటర్ ఫ్రూట్ గింజా అంతే.

అందుకే ఆలస్యం చేయొద్దు. టెంకకున్న పీచు గీకి కడిగి, చేతిలో జారకుండా ఉండేంతవరకు నీడలో ఆరనివ్వండి. అంచు వెంబడి కత్తెరతో తెరవడం నాన్న పని. లోపలి జీడికి పురుగు తొలిచిన చిల్లు ఉంటే ఇంకో టెంక చూసుకోండి. బాగుంటే ఉబ్బిన అంచు పైకి ఉండేలా పెట్టి, పైన పల్చగా మట్టి కప్పండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మామిడి సొన కొందరి ఒంటికి పడదు. మొలక రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. రోజూ తవ్వి చూడకూడదు. చిన్నీ, నీకే చెప్తున్నా.

అసలు టెన్షన్ మొలకెత్తాక మొదలవుతుంది. కొత్త ఆకులు రాగిరంగులో, తడిపిన గుడ్డపేలికల్లా వేలాడుతూ వస్తాయి. పట్టుకుంటే మెత్తగా ఉంటాయి. మొక్క వాడిపోయిందనుకుని చెంబులకొద్దీ నీళ్లు పోస్తారు, వేరు కుళ్లుతుంది. మొక్కకి ఏ జబ్బూ లేదు. లేత ఆకులో పచ్చరంగు ఇంకా తయారుకాలేదు, ఎర్రరంగే కనిపిస్తోంది. కొద్దిరోజులకి అవే గట్టిపడి, పచ్చబడి, నిటారుగా నిలుస్తాయి. ఆ తర్వాత మొక్క వారాలపాటు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. మళ్లీ ఒక్కసారిగా ఇంకో గుత్తి ఆకులు వేస్తుంది. మామిడి పెరిగే తీరే అది. బెంగళూరు డిసెంబరు చలికైతే మరీ బద్ధకిస్తుంది, అప్పుడు నీళ్లు తగ్గించండి.

హాల్లో టీవీ పక్కన అందంగా ఉంటుందని అమ్మ అంటుంది. వినకండి. వెలుతురు చాలక మొక్క సన్నగా సాగుతుంది. ఎండ వచ్చే బాల్కనీలోనే పెట్టండి. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆకుల కొసలు మాడతాయి. వాన పడినప్పుడు బకెట్ బయటపెట్టి ఆ నీళ్లు పోస్తే మేలు.

పళ్లెప్పుడని అడుగుతారు. నేలలో పెట్టిన పిక్క మొక్కే కాపుకి రావడానికి అయిదారేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. కుండీలో ఆశ పెట్టుకోకండి. కాసినా అచ్చం బంగినపల్లి రాదు, ఏ చెట్టు పుప్పొడి కలిసిందో ఎవరికి తెలుసు? అదే పండు కావాలంటే అంటు మొక్కే తెచ్చుకోవాలి. అయినా నన్నడిగితే పిక్కే పెట్టమంటాను, ఆ రాగి ఆకులు చూడటానికి.

ఉగాదికి దీని ఆకులు తోరణానికి కోయకండి, నాలుగాకులున్న మొక్క తట్టుకోదు. తోరణానికి మార్కెట్లో కొందాం.

వెడల్పు కుండీ కొనొద్దు, తల్లివేరు లోతుకి దిగుతుంది. పాత పెయింటు బకెట్ ఏదైనా ఉంటే కడిగి ఉంచండి, ఆదివారం వచ్చి అడుగున చిల్లులు పెడతాను.

మీ తాతయ్య
జయనగర్, బెంగళూరు