కారు ఏసీలోంచి వేడిగాలి వస్తుంటే

ప్రియమైన పిల్లలకు,

కారు ఏసీ చల్లబరచడం మానేస్తే ఇంట్లో ముందుగా వినిపించే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది, పట్టిస్తే సరిపోతుంది" అని. ఆ మాట దగ్గర మీరు కాస్త ఆగి ఆలోచించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి చాలా నెమ్మదిగా కాస్త తగ్గడం మామూలే. కానీ పోయిన వేసవిలో పట్టించిన గ్యాస్ ఈ వేసవికే లేదంటే ఎక్కడో లీకవుతోందన్నమాట. ఆ చోటు పట్టుకోకుండా మళ్లీ నింపితే మళ్లీ పోతుంది. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,000 రెట్లకు పైగా బలమైనది. కాబట్టి నష్టం డబ్బుతో పోయేది కాదు.

చేతికి స్పిరిట్ రాసుకుంటే చల్లగా తగులుతుంది కదా. అది ఆవిరవుతూ చేతిలోని వేడిని లాక్కుంటుంది. ఏసీలో జరిగేదీ అదే. బయట మామూలు పీడనంలో ఆర్-134ఏ సుమారు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కి, వేడెక్కిన గ్యాస్‌ను కారు ముందు భాగంలో రేడియేటర్ ఎదురుగా ఉండే కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నటి రంధ్రం దాటగానే పీడనం పడిపోయి, డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. అంటే ఏసీ పని లోపలి వేడిని బయటికి మోసుకెళ్లడం. వేడిగాలి వస్తోందంటే ఆ మోసుకెళ్లే పని ఎక్కడో ఆగిపోయింది.

ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి, ఎప్పుడు వేడిగా వస్తోందో ముందు గమనించండి. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కుతోందా? అయితే ముందు కండెన్సర్ ఫ్యాన్‌ను అనుమానించాలి. కారు కదులుతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది, ఆగితే ఫ్యానే దిక్కు. కండెన్సర్ రేకుల మధ్య దుమ్ము, పురుగులు పేరుకున్నా ఇదే ఇబ్బంది. నీళ్లు మెల్లగా పోసి కడిగితే చాలు. జోరుగా కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి.

ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా వస్తోందా? డాష్‌బోర్డు వెనక టక్ టక్ మని చప్పుడవుతోందా? వేడిగాలినీ చల్లగాలినీ కలిపే చిన్న తలుపు ఒకటి అక్కడ ఉంటుంది. దాన్ని తిప్పే బుల్లి మోటారు పాడైతే ఏసీ బాగున్నా హీటర్ గాలి కలిసిపోతుంది. అసలు గాలే తక్కువగా వస్తుంటే ఏసీ ఫిల్టర్ తీసి చూడండి.

ఆ తర్వాత బానెట్ ఎత్తి కంప్రెసర్ చూడాలి. ఇది పెద్దవాళ్లు పక్కనుండగా, ఆరుబయట మాత్రమే. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడిస్తే పొగలోని విషవాయువు ప్రాణం తీస్తుంది. చేతులు, జుట్టు, చున్నీ బెల్టుకు దూరంగా ఉండాలి. కంప్రెసర్ ముందున్న పుల్లీ ఇంజన్ నడిచినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. దాని మధ్యలోని పళ్లెం లాంటి భాగాన్ని చూడండి. ఏసీ వేయగానే టక్కున అతుక్కుని పుల్లీతో పాటు తిరగాలి. అదే క్లచ్. తిరగలేదంటే కంప్రెసర్ పోయిందని అప్పుడే అనుకోకండి. ఫ్యూజు, రిలే (క్లచ్‌కు కరెంటు అందించే చిన్న స్విచ్), వైరు కూడా చూడాలి. గ్యాస్ బాగా తగ్గినా ఒక స్విచ్ కావాలనే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఎందుకంటే కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ లేకుండా నడిస్తే అరిగి పట్టేస్తుంది. ఇవేవీ చూడకుండా కొత్త కంప్రెసర్ వేయించడం నా దృష్టిలో అన్యాయం. కొన్ని కొత్త కార్లలో ఈ క్లచ్ ఉండదు, వాటిని మెకానిక్ మీటరు పెట్టే చూడాలి.

ఆ ఆయిలే లీకును కూడా పట్టిస్తుంది. గ్యాస్ కంటికి కనపడదు కానీ, దానితో పాటు బయటికొచ్చిన ఆయిల్ గొట్టాల జాయింట్ల దగ్గర, కండెన్సర్ మూలల్లో జిడ్డుగా మిగులుతుంది. దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మరకలా కనిపిస్తుంది. అక్కడ సబ్బు నీళ్లు రాస్తే, లీకు పెద్దదైతే బుడగలొస్తాయి. సన్నటి లీకైతే మెకానిక్ గ్యాస్‌లో రంగు కలిపి, ప్రత్యేకమైన లైటు వేసి వెతుకుతాడు.

గొట్టాలు విప్పే పని మాత్రం ఇంట్లో ఎవరూ పెట్టుకోకూడదు. పీడనంతో చిమ్మే ఆ ద్రవం చర్మాన్ని క్షణాల్లో గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కొత్త కార్లలో వస్తున్న ఆర్-1234వైఎఫ్ అనే గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం కూడా ఉంది. ఒకదాని బదులు ఇంకోటి నింపకూడదు.

లీకు బాగుచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేయాలి. తేమ మిగిలితే సన్నటి రంధ్రంలో మంచుగడ్డై దారి మూసేస్తుంది, లోహాన్ని తినే ఆమ్లం కూడా తయారవుతుంది. పంపు ఆపాక ఆ వాక్యూమ్ నిలుస్తోందో లేదో కాసేపు చూడాలి. ఆ తర్వాత బానెట్ కింది స్టిక్కర్ మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి గ్యాస్ నింపాలి. ఎక్కువైనా పీడనం పెరిగి చల్లదనం తగ్గుతుంది. "ఇంకాస్త వేయండి, బాగా చల్లబడుతుంది" అనే వాళ్లను వారించండి.

ఈసారి కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మీరూ వెంట వెళ్లండి. పాత గ్యాస్ ఎన్ని గ్రాములు బయటికి తీశారో, స్టిక్కర్ మీద ఎన్ని ఉన్నాయో అడిగి కాగితం మీద రాసుకోండి. ఆ రెండూ దగ్గరగా ఉంటే తప్పు గ్యాస్‌ది కాదు, ఫ్యాన్ దగ్గర్నుంచి మళ్లీ వెతకమనండి. బాగా తేడా ఉంటే, లీకు ఎక్కడుందో చూపించాకే నింపమనండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య