మూడు వారాలు దాటినా ఆగని కుక్క ఎద: అండాశయంలో గడ్డ కావచ్చు

పర్లాకిమిడిలో మా ఎదురింటి పెద్దమ్మ కుక్క పడుకునే గోనెపట్టా మీద ఎర్రటి చుక్కలు పడడం మొదలై నెల దాటింది. "పదకొండేళ్లది కదరా బాబూ, ముట్లుడిగే వయసు" అని పెద్దమ్మ సరిపెట్టుకుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆడకుక్కకు ముట్లుడగడం అంటూ ఉండదు. వయసు మీద పడితే రెండు ఎదల (రక్తం కారుతూ జతకు వచ్చే రోజుల) మధ్య ఎడం పెరుగుతుంది, అంతే. ఎద మామూలుగా మూడు వారాల్లో సర్దుకోవాలి.

సర్దుకోలేదంటే పశువుల డాక్టరుకు చూపించాల్సిందే. వీధిలో తిరిగే కుక్కయితే ఆయన ముందు టీవీటీ ఉందేమో చూస్తారు. జతకట్టినప్పుడు అంటుకునే గడ్డ అది, మన దగ్గర మామూలే. యోనిలో కాలీఫ్లవర్‌లా పెరిగి నెలల తరబడి రక్తం కారుతుంది. వారానికొక విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్‌తో చాలావరకు కరిగిపోతుంది.

అది కాదంటే అండాశయాన్ని అనుమానించాలి. అక్కడ ఎక్కువగా కనిపించే గడ్డల్లో ఒకటి గ్రాన్యులోసా కణాలది, అంటే అండం చుట్టూ ఉండే కణాలది. చాలాసార్లు అది కుక్కను ఎదకు తెచ్చే హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను వదులుతూనే ఉంటుంది. అందుకే ఎదలో వచ్చే యోని వాపు తగ్గదు, మగకుక్కలు గుమ్మం వదలవు, ఒంటి మీద వెంట్రుకలు పలచబడతాయి. ఈస్ట్రోజెన్ మరీ ఎక్కువైతే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. చిగుళ్లు పాలిపోగానే మనం టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టి వచ్చే జ్వరం) అనేసుకుంటాం. కావచ్చు కూడా. కానీ ఎద ఆగని కుక్కకు పొట్ట స్కానింగ్ కూడా చేయమని అడగండి.

ఎందుకంటే అండాశయం మూత్రపిండం వెనకాల, కొవ్వు పట్టిన సంచిలో దాగి ఉంటుంది. చిన్న గడ్డ చేతికి తగలదు. పెద్దదైతే బరువుకు కిందికి జారిపోతుంది, అప్పుడు అది ఏ అవయవానిదో తడిమి చెప్పలేం. టెరటోమా అయితే, అంటే రకరకాల కణజాలాలు కలిసి పెరిగే గడ్డ అయితే, ఎక్స్‌రేలో ఎముక పలుకులు, పళ్లు కూడా కనిపించవచ్చు! ఊపిరితిత్తులకు పాకిందేమో తెలియడానికి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. సూది గుచ్చి కణాలు తీయడానికి మాత్రం చాలామంది డాక్టర్లు వెనకాడతారు, అవి పొట్టలో చిందితే అక్కడే నాటుకుంటాయని.

చికిత్స అంటే ముఖ్యంగా ఆపరేషనే. గడ్డ చిట్లకుండా రెండు అండాశయాలూ గర్భసంచీ తీసేసి, ముక్క పరీక్షకు పంపుతారు. పాకకముందే తీస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి. పొట్టలో నీరు చేరి, లోపలి పొర మీద గింజల్లా పరుచుకున్న కార్సినోమా (ఒక రకం క్యాన్సర్) అయితే కష్టం. కార్బోప్లాటిన్ లాంటి క్యాన్సర్ మందులు ఇస్తారు గానీ వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోలేం.

పెద్దమ్మ కుక్కను మహేంద్రతనయ నది దాటించి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్లాం. బయటికి తీసిన గడ్డ కొబ్బరికాయంత ఉంది, ఇంకెక్కడికీ పాకలేదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్క ఎదకు వచ్చినా వదిలేయకండి. లోపల అండాశయం ముక్క మిగిలి ఉండొచ్చు, దానిలోనూ గడ్డ పుట్టగలదు.